సరంగు వేసిన ముడి

యానాం రేవులో దిగేసరికి పొద్దు వాలుతోంది. పుదుచ్చేరి నుంచి కోరంగి దాకా ఓడ, కోరంగి నుంచి యానాం దాకా పడవ. భుజాన తుపాకి, వీపున కంబళి చుట్ట, నడుముకి నీళ్ళ బుర్ర, కాళ్ళకి సర్కారు వారి తోలు బూట్లు. సముద్రపు పోటు తీసిన వేళ కావడంతో రేవంతా మోకాలిలోతు బురద. నాలుగడుగులు వేశానో లేదో ఎడమ కాలి బూటు ఆ బురదలో ఉండిపోయింది. చెయ్యి పెట్టి వెతికినా దొరకలేదు. ఠాణా ముందు హవల్దారు గారికి ఒంటి బూటుతో సలాం కొట్టాను.

"రెండోది ఏదయ్యా?" అన్నారాయన.

"రేవులో ఉందండి."

"వస్తూనే గోదారికి కానుక ఇచ్చావన్నమాట. లోపలికి రా."

మా నిడదవోలులో నన్ను పరాసు సిపాయి అంటారు. పరాసువారంటే ఫ్రెంచివాళ్ళు. చుట్టూ ఇంగ్లీషు వారి జిల్లా, మధ్యలో అరచేతంత యానాం పరాసువారిది. వయసులో పినతండ్రితో తగువుపడి ఇల్లు వదిలి పుదుచ్చేరి చేరాను. అక్కడ పాదిరీ గారి దగ్గర పరాసు భాష నేర్చుకున్నాను, తరవాత సిపాయిల్లో చేరాను. ఇప్పుడు అరుగు మీద కూర్చుంటే కుర్రాళ్ళు చుట్టూ చేరి, "తాతా, ఎంతమందిని చంపావు?" అని అడుగుతారు. నేనెవరినీ చంపలేదు. ఉద్యోగంలో తుపాకి ఒకే ఒక్కసారి పేల్చాను, అదీ ఆకాశంలోకి. ఆ సంగతి విన్నాక వాళ్ళ మొహాలు చిన్నబోతాయి, లేచి గోళీలాటకి పోతారు. పోనివ్వండి. వినదలచినవాళ్ళ కోసం రాస్తున్నాను.

యానాం ఠాణాలో మేం అరడజను మందిమి. పొద్దున్న ఆరింటికి జెండా ఎక్కించడం, సాయంత్రం ఆరింటికి దించడం, నడుమ ఖజానా పెట్టె ముందు నిలబడడం. ఆ పెట్టెలో ఏముందో మాకెవరికీ తెలియదు. అక్కడ కోట లేదు. కట్టకూడదని ఇంగ్లీషు వారితో ఒప్పందం. ఫిరంగి లేదు. శత్రువు అంతకన్నా లేడు. దోమలున్నాయి, ఉప్పు గాలికి తుప్పు పట్టే తుపాకులున్నాయి. కొబ్బరినూనె రాసి తుడిచేవాళ్ళం, తెల్లారేసరికి మళ్ళీ ఎర్రగా ఉండేవి.

మర్నాడు హవల్దారు గారు నన్ను పిలిచారు. ఆయన యానాం మనిషే, పెద్ద పొట్ట, మంచి మనసు.

"నీకు వాళ్ళ భాష వచ్చట కదా?"

"ఆయ్, వచ్చండి."

"అయితే నీకు కాపలా పని లేదు. ఏటి ఒడ్డు మేడలో జనరల్ దొర ఉన్నారు. ఆయన దగ్గర ఉండు. చెప్పినదల్లా విను. ఎదురు ప్రశ్న వెయ్యకు, వేస్తే రెండు గంటలు కథ చెబుతారు."

"యానానికి జనరల్ ఎందుకండి?"

"ఓడిపోయిన జనరల్‌లే. ఎక్కడో ఒకచోట ఉండాలి కదా."

మేడ ఆయన అన్నగారిది. ఆ అన్నగారు నీలిమందు వ్యాపారం చేసి, జ్వరం వచ్చి అక్కడే పోయారట. కింద ఇటుక గదులు, పైన రెండు గదులూ పొడుగాటి వరండా, కప్పు పెంకులది. మేడ వెనక గోదారి పాయ ఒకటి. ఆ పాయలోకి రాతి మెట్లు, మెట్ల పక్క పడవలు కట్టుకోవడానికి మూడు రాతి గుంజలు. వరండాలో కుర్చీ వేసుకుని ఆయన పాయనే చూస్తూ కూర్చునేవారు. పొడగరి, నడుము కొంచెం వంగింది, తెల్ల మీసం. కుడిచేతికి చిటికెన వేలూ దాని పక్క వేలూ లేవు.

మొదటి రోజున నన్ను అడిగింది ఒకటే. "ఈ ఊరికి కోట ఎటువైపు?"

"కోట లేదండి. కట్టకూడదట."

ఆయన కాసేపు నవ్వారు. "అయితే నాకు తగిన ఊరే ఇది," అన్నారు.

ఎదురు ప్రశ్న వెయ్యకుండా నేనెక్కడ ఊరుకుంటాను? వేశాను. హవల్దారు గారు చెప్పిన రెండు గంటలు రెండేళ్ళయ్యాయి. ఆయన బతుకంతా ముక్కలు ముక్కలుగా ఆ వరండాలోనే విన్నాను. తండ్రి పల్లెటూళ్ళో బండిచక్రాలు చేసే వడ్రంగి. ఈయన మామూలు సిపాయిగా చేరి, ఒక్కో మెట్టూ ఎక్కి జనరల్ అయ్యారు. మొదట ఆఫ్రికా. ఇసుక, ఎండ, ఒంటె పాలు. ఆ తరవాత రష్యావాళ్ళ మీదికి పోయారు. అక్కడి మంచు ఎలా ఉంటుందో నాకు అర్థం కాకపోతే, ఉప్పు కొటారు మీద ఒట్టి కాళ్ళతో చలికాలమంతా నిలబడ్డట్టు అనుకోమన్నారు. వేళ్ళు రెండూ అక్కడే పోయాయి. తుపాకి గుండు తగిలి కాదు, చలికి నల్లబడి రాలిపోయాయి. ఆ తరవాత ఇటలీ యుద్ధం, పతకాలు. వాటి గురించి ఎక్కువ చెప్పేవారు కాదు.

ఎక్కువ చెప్పింది ఒక్క కోట గురించే. జర్మనీ వాళ్ళతో యుద్ధం వచ్చినప్పుడు సరిహద్దులో ఒక కోట ఆయన చేతికి ఇచ్చారు. దాని పేరుకి నా నోరు తిరగదు. కోట గోడల లోపలే ఊరుంది. రొట్టెలు కాల్చేవాళ్ళు, చెప్పులు కుట్టేవాళ్ళు, ముసలమ్మలు, పిల్లలు. శత్రువు చుట్టుముట్టి ఇళ్ళ మీదికి ఫిరంగులు పేల్చాడు. పిండి అయిపోయింది. బావి కూలిపోయింది. కింది అధికార్లు ఇంకా నిలబడదాం అన్నారు. ఈయన ఒక పొద్దున్న తలుపు తీయించారు.

"మిగిలిన ఇళ్ళు మిగిలాయి," అన్నారు. "మిగిలిన మనుషులు మిగిలారు. నేను బయటికి నడిచి పోతుంటే రెండు పక్కలా నిలబడ్డారు. నా కోటు మీద ఉమ్మేశారు. ఒక తల్లి చంకలో బిడ్డని పెట్టుకుని వచ్చి మరీ ఉమ్మింది. తలుపు తియ్యకపోతే ఆ బిడ్డ ఉండేది కాదు."

యుద్ధం అయ్యాక పెద్దలు కూర్చుని విచారణ చేశారట. ఇంకా పోరాడగలిగి ఉండీ తలుపు తీశాడు అని తేల్చారు. జైల్లో వెయ్యలేదు. మళ్ళీ పని ఇవ్వలేదు. పాత స్నేహితులు వీధిలో ఎదురైతే అవతలి పక్కకి దాటిపోవడం మొదలుపెట్టారు.

"నువ్వైతే ఏం చేసేవాడివి?" అని నన్ను అడిగారు.

"ఇంకా ముందే తీసేవాడినండి."

"అందుకే నువ్వు సిపాయివి," అన్నారు. కోపం లేదు ఆ మాటలో.

మేడకి రోజూ చేపలు తెచ్చేది పోలమ్మ. పాయకి ఆవలి ఒడ్డున ఉన్న పల్లెపాలెం మనిషి, మొగుడు సముద్రంలో పోయాడు. కూతురు సత్తెమ్మ, అల్లుడు, ఇద్దరు మనవలు. తట్ట దించి, చీరచెంగుతో మొహం తుడుచుకుని, దొరగారి ఎదటే మెట్టు మీద కూర్చునేది. ఠాణాలో ఆయన్ని అందరూ చాటుగా ఓడిన దొర అనేవారు. పోలమ్మ చాటుగా అనే రకం కాదు.

"ఏంటి బాబూ, ఈయన కోట ఒదిలేసి వచ్చేశారంట?" అని నన్నడిగింది. ఆయన వింటూనే ఉన్నారు. ఆమె ఏమందో చెబితే, కథ చెప్పమని సైగ చేశారు. నేను కోట కథంతా చెప్పాను.

పోలమ్మ విని, "తలుపు తీత్తే జనం బతికారా?" అంది.

"బతికారు."

"మరి ఇంకేంటండి? ఒలిసిన ఉల్లిపాయని మళ్ళీ ఒలుత్తారేంటి?"

ఆ మాట ఆయనకి పరాసు భాషలో చెప్పాను. మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాను. ఆయన లేచి లోపలికి పోయి చాలాసేపు రాలేదు. ఆ రోజు నుంచి ఆయనలో మార్పు వచ్చింది. సాయంత్రం పూట నన్ను తీసుకుని పడవ దాటి పాలెం వెళ్ళేవారు. పిల్లల పేర్లు నేర్చుకున్నారు. వల అల్లేవాళ్ళ పక్కన కూర్చుని ముడులు చూసేవారు. ఒకసారి తిరిగి వస్తూ పడవలో నాతో అన్నారు: "చచ్చిపోయేలోపల ఒక్క ఊరు చాలు. నా వల్ల బతికాం అని మనసులో అనుకోవాలి. పైకి అనక్కర్లేదు." ఆయనకి కావలసింది అంతే. ఆ ముసలాయన కోరిక తీరిన తీరు ఇప్పుడు చెప్పాలి. చెప్పబుద్ధి కావడం లేదు గాని చెబుతాను.

కార్తీక మాసం. రెండు రోజులుగా ఉక్కబోత, ఆకు కదలడం లేదు. మూడో రోజు తెల్లవారుజామున ఈశాన్యం గాలి లేచింది. ఎనిమిదింటికి జెండా చిరిగిపోయింది. పదింటికి కొబ్బరిచెట్లు నేల చూడడం మొదలెట్టాయి. యానాం పాలించే పెద్ద దొర పని మీద పుదుచ్చేరి వెళ్ళి ఉన్నారు. హవల్దారు గారు ఖజానా పెట్టెకి తాడు కట్టిస్తూ, "హుకుం ఎవరిస్తారు? హుకుం లేకుండా ఠాణా వదలకూడదు," అని అక్కడే తిరుగుతున్నారు.

అప్పుడు జనరల్ దొర వచ్చారు. వానలో, నడిచి. పాత సైన్యం కోటు తొడుక్కున్నారు. చెదలు తిన్న భుజాలు, బొత్తాలు మటుకు అన్నీ పెట్టుకున్నారు.

"ఈ రోజు హుకుం నాది," అన్నారు. నేను తెలుగులో చెప్పాను.

హవల్దారు గారు ఒక్క క్షణం చూసి కాళ్ళు దగ్గరికి చేర్చి సలాం కొట్టారు. రెండేళ్ళలో ఆయన ఆ పని చేయడం అదే మొదలు.

"పెట్టె వదిలెయ్యండి. తుపాకులు వదిలెయ్యండి. పాలెంలో జనాన్నంతా మేడకి తీసుకురండి."

పాలెంలో ఎవరూ ఒక పట్టాన కదల్లేదు. వల వదిలి ఇల్లు వదలడం వాళ్ళ ఇంటా వంటా లేదు. తడిసిన వలలు మోసుకుంటూ, కోళ్ళని చంకలో పెట్టుకుంటూ, తిట్టుకుంటూ వచ్చారు. సిపాయిలం పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్నాం. పడవలో పాయ దాటించడానికి మధ్యాహ్నం దాటిపోయింది. మేడ పైభాగం నిండిపోయింది. వరండాలో కాలు పెట్టే చోటు లేదు. అంతలో పెంకులు లేవడం మొదలైంది. ముందు ఒకటీ అరా, ఆ తరవాత వరసకి వరస. లోపల పిల్లల మీద వాన.

మేడ వెనక పాయలో అప్పటికి మూడు ధాన్యం పడవలున్నాయి. రాజమండ్రి పైనుంచి వచ్చి సరుకు కోసం ఆగాయి. వాటి పెద్ద, సరంగు, అరవై ఏళ్ళ మనిషి, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి గోదారి మీదే ఉన్నాడు. వానలోనే మెట్లెక్కి వచ్చాడు.

"దొరగారికి సెప్పండి," అన్నాడు నాతో. "ఈ ఇల్లు పెంకులదండి, ఎగిరిపోద్ది. నా పడవలకి గూళ్ళున్నాయి, తాటాకు మీద తాటాకు ఏసి కట్టించాను. సుక్క నీరు దిగదండి. పిల్ల తల్లుల్ని, ముసలోళ్ళని అందులో పెట్టమనండి."

నేను చెప్పాను. దొరగారు అడిగారు. "కొట్టుకుపోవా?"

"దగ్గరికి బిగించి కడతాను గదండీ. తాడు ఒదులిత్తే ఏరు అడ్డంగా తిప్పేత్తాది, పడవ బోర్లా పడుద్ది. మూరెడు కూడా ఒదలకూడదు. నేను సూడని వరదాండి?"

అతను చెప్పింది నిజం. నది వరద పక్కనుంచి వచ్చి లాగుతుంది, పైకి మెల్లగా పెరుగుతుంది. పడవని గుంజకి పొట్టిగా కట్టి, నీరు పెరిగినకొద్దీ కాపలా మనిషి జానెడు జానెడు తాడు వదులుతాడు. గోదారి మీద అందరూ చేసే పద్ధతి అదే. నిడదవోలు కాలవలో పెరిగిన నాకూ తెలిసిన పద్ధతి అదే. పాలెం మగవాళ్ళు అక్కడే ఉన్నారు, వాళ్ళూ తలూపారు. వాళ్ళు తమ పడవలని ఇసుక మీదికి లాగేస్తారు గాని నీళ్ళలో కట్టరు. అక్కడ ఉన్నవాళ్ళలో ఎవరూ తెలివితక్కువవాళ్ళు కారు, ఎవరూ తొందరపడలేదు. ఈ మాట ఎన్నిసార్లు తిరగేసి చూసుకున్నా అంతే.

దొరగారు ఆలోచించారు. అందరికన్నా మంచి చోటు అందరికన్నా బలహీనులకి ఇవ్వాలి అన్నారు. ఆయనే మెట్ల దగ్గర నిలబడి ఒక్కొక్కళ్ళని చెయ్యి పట్టి పడవల్లోకి దింపారు. సత్తెమ్మ చిన్నవాడిని ఎత్తుకుని, పెద్దవాడి చెయ్యి పట్టుకుని మొదటి పడవ ఎక్కింది. పోలమ్మ ఎక్కలేదు.

"నేను గట్టిదాన్నే, పైనుంటాను. ఆ సోటులో ఇంకో బిడ్డ పడతాది," అంది.

సరంగు తన చేత్తో ముడులు వేశాడు. రెండు పడవలకి కొత్త కొబ్బరి మోకులు, నా మణికట్టంత లావు. మూడో పడవకి మోకు పాతది, అక్కడక్కడ పుచ్చింది. దాన్ని చూసి ఆ పడవ కళాసీని దుమ్మెత్తి పోశాడు.

"ఇదేంట్రా? ఇది మోకా, ముసలిదాని జడా? నిన్ను నమ్మి మనుసుల్ని ఎలా ఎక్కిత్తాన్రా?"

"ఈసారికి కానివ్వండి సరంగు గారూ. రాజమండ్రి ఎల్లగానే కొత్తది కొంటాను."

మళ్ళీ ఇంకొకటి వెతకడానికి వ్యవధి లేదు. దాన్నే రెండు చుట్లు తిప్పి కట్టారు.

నాలుగు దాటాక గాలి తూర్పుకి తిరిగింది. గోదారి వెనక్కి నడవడం అప్పుడు చూశాను. సముద్రానికి పోవలసిన నీరు రాజమండ్రి వైపు పోతోంది. నీటి రంగు మారింది. వరండాలో ఎవరో, "ఉప్పెన," అన్నారు. పెద్దగా అనలేదు. వీధిలో నీరు చీలమండ దాకా వచ్చిందని చూసి తల తిప్పి చూసేసరికి కింది కిటికీల్లోకి పోతోంది. తమలపాకు నమిలినంతసేపు పట్టలేదు.

సరంగు నా పక్కనే ఉన్నాడు. పైకి వచ్చినవాళ్ళకి తాటాకులు కప్పుతున్నాడు. ఒకసారి పాయ వైపు చూశాడు.

"తాడు," అన్నాడు. మొల్లో కత్తి తీసి వరండా మీదనుంచి దూకాడు.

అప్పటికే గుంజలు నీళ్ళలో మునిగాయి. నీరు పక్కకి లాగడం లేదు. పైకి లేస్తోంది. పడవలు నీటితో పాటు లేవాలి, మోకులు లేవనివ్వడం లేదు. మొదటి రెండు పడవల ముక్కులు కిందికి వంగడం మొదలుపెట్టాయి. మూడో పడవ మోకు టపీమని తెగింది. తుపాకి పేలినట్టే అనిపించి నేను తుపాకి కోసం చెయ్యి చాపాను. ఆ పడవ గిర్రున తిరిగి, కొబ్బరితోట మీదుగా, వరిచేల వైపు కొట్టుకుపోయింది. అదే పోయిందనుకుని వరండా అంతా ఏడ్చింది.

కొత్త మోకులు తెగలేదు. మంచి మోకులు. సరంగు రెండుసార్లు నీళ్ళలోంచి పైకి వచ్చి ఊపిరి పీల్చుకుని మళ్ళీ మునగడం చూశాను. మూడోసారి రాలేదు. గూడు వెనక నుంచి చేతులు బయటికి వచ్చాయి. అంతకన్నా రాయను.

జనరల్ దొర, "కోసెయ్యండి, కోసెయ్యండి," అని పరాసు భాషలో అరుస్తున్నారు. నేను దాన్ని తెలుగులో అరుస్తున్నాను. ఎవరికి చెబుతున్నానో నాకే తెలియదు. ఆయన వరండా కటకటాల మీద కాలు వేశారు. నేనూ హవల్దారు గారూ చెరో పక్క పట్టుకున్నాం. ఆయన బరువు ఎక్కువ లేదు. పట్టుకుని ఉండగానే రెండు గూళ్ళూ నీటి కిందికి పోయాయి.

మేడ కూలలేదు. పెంకులన్నీ పోయాయి, ఇటుక గోడలు నిలబడ్డాయి. వానలో తడిసి, వణికి, మేడ ఎక్కినవాళ్ళందరూ బతికారు.

మర్నాడు ఎండ కాసింది. తొమ్మిదింటికి చేలగట్ల మీద మనుషులు కనిపించారు. మూడో పడవ వాళ్ళు. ఆ పడవ ఎక్కడో వరిచేలో కూర్చుండిపోయిందట. అందరూ ఉన్నారు. ముసలాళ్ళు, పిల్లలు, ఒక మేకపిల్ల కూడా. ముందు నడిచి వస్తున్న కళాసీ నన్ను చూసి దగ్గరికి వచ్చాడు. కళ్ళమ్మట నీళ్ళు.

"సరంగు గారు ఏరండి? ఏం సెప్పమంటారు, మోకు తెగిపోయిందండి. నన్ను సంపేత్తారు."

హవల్దారు గారు అతని భుజం మీద చెయ్యి వేసి పక్కకి తీసుకుపోయారు.

తరవాత వారమంతా మేం చేసింది ఒక్కటే పని. గోతులు తీయడం. ఆ మట్టి తడి, పార దిగడం తేలిక. సత్తెమ్మనీ పిల్లలనీ పోలమ్మ అల్లుడే మోసుకొచ్చాడు. పోలమ్మ ఏడవడం నేను చూడలేదు. వారం తిరక్కుండా తట్టతో మేడ మెట్ల మీద కూర్చుంది. తట్టలో చిన్న చేపలు నాలుగు. వలలన్నీ పోయాయి, అవి ఎక్కడ పట్టిందో.

"దొరగారికి సెప్పు బాబూ," అంది నాతో. "ఆయనే లేపోతే మేం ఈ మాత్రం కూడా మిగలం. పాలెంలో అంతా ఆ మాటే అంటన్నారు. ఆయన పుణ్యాన బతికాం."

నేను చెప్పాను. ప్రతి మాటా చెప్పాను. ఆయన మొహం చూసి, చెప్పకుండా ఉండవలసింది అనిపించింది.

"నన్ను తిట్టమను," అన్నారు.

నేను తట్టలో చేపల వైపు చూశాను.

"చెప్పు. ఆమె కూతుర్ని నేను చెయ్యి పట్టి ఎక్కించాను. తిట్టమను. ఉమ్మెయ్యమను."

చెప్పాను. పోలమ్మ ఆయన వైపు తిరిగింది.

"ఎందుకు తిడతానండి? ఆయన మంచి సోటు ఇచ్చారు. సరంగు గట్టిగా కట్టాడు. మా పిల్ల ఎక్కింది. ఎవరు కాని పని సేశారని తిట్టమంటారు?"

చేపలు మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది. దొరగారు వాటిని తాకలేదు. సాయంత్రానికి కాకులు ఎత్తుకుపోయాయి.

"ఆ కోటలో నేను బతికించినవాళ్ళు నా మీద ఉమ్మేశారు," అన్నారు. "ఇక్కడ..." మాట అక్కడే వదిలేసి, రేపటి నుంచి ఆమెను రావద్దని చెప్పమన్నారు. నేను చెప్పలేదు. ఆమె వస్తూనే ఉంది, చేపలు పెట్టి పోతూనే ఉంది, మేం ఠాణాలో వండుకు తినేవాళ్ళం.

ఆ చలికాలమంతా ఆయన వరండాలోకి రాలేదు. మంచం కోడుకి చిన్న తాడు కట్టించారు. సరంగు వేసే ముడి నన్ను వెయ్యమనేవారు. నేను బిగించి వేస్తే, ఆ మూడు వేళ్ళ చేత్తో విప్పేవారు. విప్పి, మళ్ళీ వెయ్యమనేవారు. మొదట్లో చాలాసేపు పట్టేది. మాఘమాసం వచ్చేసరికి నేను వెయ్యడమే ఆలస్యం, విప్పేసేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఎందుకు నేర్చుకుంటున్నారు, ఎవరికోసం అని అడగాలనిపించేది. హవల్దారు గారు చెప్పిన మాట అప్పుడు పాటించాను. ఎదురు ప్రశ్న వెయ్యలేదు.

తొలకరి వానల్లో జ్వరం వచ్చింది. మందు పుచ్చుకోలేదు. గోదారిలో వరద ఎర్రనీరు దిగకముందే పోయారు. యానాంలో పరాసువారి శ్మశానంలో అన్నగారి పక్కన పెట్టాం. జనరల్‌కి తుపాకులు పేల్చి సాగనంపడం ఆనవాయితీ. ఈయనకి ఆ మర్యాద లేదు, అనుమతి ఇవ్వం అన్నారు పైవాళ్ళు. హవల్దారు గారు మా ముందుకొచ్చి గొంతు సవరించుకున్నారు.

"వానకి తుపాకి మందు తడిసినట్టుంది. పేలుతుందో లేదో ఒకసారి పరీక్ష చెయ్యాలి. అందరూ తుపాకులు తీసుకుని శ్మశానం పక్కకి రండి," అన్నారు.

పరీక్ష చేశాం. అన్నీ పేలాయి. పాలెం వాళ్ళంతా గోడ అవతల నిలబడి ఉన్నారు. నేను ఉద్యోగంలో పేల్చిన గుండు అదే.

ఆ ఏడే నా గడువు తీరింది. కొత్త బూట్లు ఠాణాలో అప్పగించి, ఒట్టి కాళ్ళతో పడవెక్కాను. కాలవల మీదుగా నిడదవోలు వచ్చాను. పినతండ్రి పోయాడు, తగువూ పోయింది. పెళ్ళయింది, పిల్లలు కలిగారు. ఇప్పుడు మా ఊరికి రైలు కూడా వచ్చింది. కాలవ లాకు దగ్గర ధాన్యం పడవలు ఇంకా ఆగుతాయి. గాలీ వానా వచ్చిన రోజున నాకు ఇంట్లో కాలు నిలవదు. గొడుగేసుకుని లాకు దాకా పోతాను. ఎవరూ చూడకుండా గుంజల దగ్గర తాళ్ళు ఒక బారెడు వదులు చేస్తాను. పట్టుబడ్డాను కూడా. ఒక పడవవాడు నా చెయ్యి పట్టుకుని, "ఏం పని తాతా ఇది? ఇది కాలవ. దీన్లోకి సముద్రం ఎక్కడ నుంచి వత్తాది?" అని తిట్టాడు. అతనన్నదీ నిజమే. తాడు మళ్ళీ బిగించి కట్టుకున్నాడు. నేను ఇంటికొచ్చి తల తుడుచుకున్నాను. మా ఆవిడ ఏమీ అడగదు.

కళ్ళు మూస్తే ఉప్పెన రాదు నాకు. చేతులు కూడా కనిపించడం మానేశాయి. వచ్చేది మర్నాటి పొద్దున్న. అప్పుడే తెల్లారింది. నీరు సగం తీసింది. మేడ వెనక రాతి గుంజ బయటపడింది. గుంజకి ముడి ఉంది. ముడి నుంచి కొత్త మోకు నిటారుగా బురదనీళ్ళలోకి దిగి ఉంది, కింద మునిగిన పడవ బరువుకి బిగుసుకుని, సన్నగా వణుకుతూ. జనరల్ దొర ఆ తడి మెట్టు మీద మోకాళ్ళ మీద కూర్చున్నారు. కోటు బొత్తాలు ఇంకా అన్నీ పెట్టే ఉన్నాయి. మూడు వేళ్ళ చేత్తో ఆ ముడి విప్పుతున్నారు. నా దగ్గర కత్తి ఉంది. ఇవ్వబోయాను. ఆయన తల అడ్డంగా ఊపి, విప్పుతూనే ఉన్నారు. గోళ్ళ నుంచి రక్తం వస్తోంది. సరంగు ముడి బాగా వేశాడు. అది రాలేదు.